టీవీ కదలదు, దానికి వైఫై ఎందుకు?

మా చుట్టాల్లో ఎవరింట్లో నెట్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "బెడ్‌రూంలో టీవీ ఆగి ఆగి వస్తోంది, ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మారిస్తే సరిపోతుందా?" సరిపోదు. నెల బిల్లు పెరుగుతుంది, తెర మీద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సంపు ఎంత పెద్దది కట్టించినా బాత్రూంలోకి వెళ్లే పైపు అరంగుళానిదైతే షవర్‌లో ధార పెరగదని ఇల్లు కట్టించినవాళ్లందరికీ తెలుసు. నెట్ విషయానికొచ్చేసరికి పైపు సంగతి ఎవరూ ఎత్తరు, అందరూ సంపు పెద్దది చేయించే పనిలోనే ఉంటారు.

నేను చెప్పేది ఒక్కటే మాట. ఇంట్లో కదిలేవాటికి వైఫై, కదలనివాటికి వైరు. ఫోను, ట్యాబ్, ల్యాప్‌టాప్ మనతోపాటు గది గదికీ తిరుగుతాయి, వాటికి వేరే దారి లేదు. టీవీని గోడకి బిగించిన రోజు నుంచి అది పాడయ్యేదాకా అంగుళం కదలదు. కరెంటు వైరు ఎలాగూ దాని వెనక్కి వెళ్తోంది. ఆ పక్కనే ఇంకో వైరు వెళ్తే పోయేదేముంది? ఈ మాట అన్నప్పుడల్లా ఎదుటివాళ్లు నన్ను ల్యాండ్‌లైన్ కాలం మనిషిని చూసినట్టు చూస్తారు. "ఇప్పుడంతా వైర్‌లెస్ కదా" అంటారు. వాళ్లు వైర్‌లెస్ అనుకునే ఆ నెట్ సముద్రం అడుగు నుంచి వాళ్ల వీధి చివరి స్తంభం దాకా, అక్కణ్నుంచి వాళ్ల గుమ్మం దాకా వైర్లోనే వచ్చింది. గాల్లో నడిచేది చివరి ముప్ఫై అడుగులే. తంటా అంతా ఆ ముప్ఫై అడుగుల్లోనే.

మన హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో రౌటర్ ఎక్కడుంటుందో ఒకసారి చూడండి. మెయిన్ డోర్ పక్కన, చెప్పుల స్టాండు పైన. ఫైబర్ వైరు లిఫ్టు పక్క డక్టులోంచి కారిడార్లోకి వచ్చి, తలుపు పైన కొట్టిన కన్నంలోంచి లోపలికి దిగుతుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఇంకా బోలెడు ఇళ్లుంటాయి. దగ్గర్లో ప్లగ్ పాయింట్ ఎక్కడ కనిపిస్తే అక్కడ డబ్బా తగిలించి, దాని పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించి, "మంచి రేటింగ్ ఇవ్వండి సార్" అని వెళ్లిపోతాడు. అతణ్ని అనడానికేం లేదు, అతని పని గుమ్మం దాకానే. కానీ ఇంట్లో నెట్‌వర్క్ ఎలా ఉండాలన్న నిర్ణయం అలా అయిదు నిమిషాల్లో, మనం అడక్కుండానే, చెప్పుల స్టాండు దగ్గర జరిగిపోతుంది. తర్వాత ఏళ్ల తరబడి ఆ నిర్ణయం చుట్టూనే ఇల్లంతా సర్దుకుంటుంది. ఆఫీసు కాల్ ఉంటే హాల్లోకి రావాలి, పిల్లల ఆన్‌లైన్ క్లాసు డైనింగ్ టేబుల్ దగ్గరే.

విచిత్రమేమిటంటే, గదికో టీవీ పెట్టుకోవడం ఒకప్పుడు ఇంతకంటే చాలా తేలిక. డాబా మీద యాంటెన్నా తిప్పుకుంటూ "వచ్చిందా, వచ్చిందా" అని అరుచుకున్న రోజుల్ని వదిలేయండి. కేబుల్ టీవీ వచ్చాక ఇంట్లోకి ఒక నల్ల వైరు వచ్చేది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి చిల్లర డబ్బులతో ఒక స్ప్లిటర్ తెచ్చి తగిలిస్తే హాల్లో ఒక ఛానెల్, లోపలి గదిలో ఇంకో ఛానెల్. ఆ ఒక్క వైర్లోనే ఛానెళ్లన్నీ కలిసి వచ్చేవి, టీవీలోనే ట్యూనర్ ఉండేది, ఏ గదిలోవాళ్లు ఆ గదిలో కావాల్సింది పట్టుకునేవాళ్లు. గదులు పెరిగేకొద్దీ సిగ్నల్ పలచబడి తెర మీద చుక్కలు పడేవి. అప్పుడొక బూస్టర్ పెట్టేవాళ్లం. ఆ వైరు వాడకానికి ఏ పాస్‌వర్డూ లేదు, ఏ యాపూ లేదు.

కేబుల్ డిజిటైజేషన్ రెండో విడతలో దేశం మొత్తమ్మీద 38 నగరాలుంటే అందులో హైదరాబాద్ ఒకటి. గడువు 2013 మార్చి 31. దాంతో ఆ స్ప్లిటర్ కథ ముగిసింది. డిజిటల్ సిగ్నల్‌ని విప్పి చూపించే పని సెట్‌టాప్ బాక్స్‌ది, అది ఒక్కసారికి ఒక్క ఛానెలే విప్పుతుంది. రెండో బాక్స్‌కి డబ్బు కట్టడం ఇష్టంలేక, బాక్స్ వెనక నుంచి మూడు రంగుల ఏవీ వైరు పక్కగదిలోకి లాగి రెండో టీవీకి పెట్టుకున్న ఇళ్లు నేను ఎన్ని చూశానో! హాల్లో ఎవరు రిమోట్ నొక్కితే లోపలి గదిలోనూ అదే మారిపోతుంది. సాయంత్రం సీరియల్ మంచి పట్టులో ఉండగా తెర మీదికి ఉన్నట్టుండి క్రికెట్ వస్తే, లోపల్నుంచి వినబడే మాటలు ఇక్కడ రాయలేను.

డీటీహెచ్ తీసుకుంటే డిష్ మీద సిగ్నల్ అందుకునే ముక్క, ఎల్ఎన్‌బీ నుంచి బాక్సుకో వైరు లాగాలి. నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో రెండో టీవీకి నెట్‌వర్క్ ఫీజు మొదటిదాంట్లో 40 శాతం మించకూడదని హద్దు పెట్టింది కానీ, పే ఛానెళ్ల లెక్క అప్పుడూ బాక్సుకి బాక్సే. ఇప్పుడు స్మార్ట్ టీవీలొచ్చి ఆ గొడవ తగ్గింది. ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్ ఇంట్లోకి వస్తే ప్రతి గదిలో టీవీ తనకు కావాల్సింది తను తెచ్చుకుంటుంది. అంటే ఆ నల్ల వైరు చేసిన పనే ఇప్పుడు ఇంటి నెట్‌వర్క్ చేయాలి. నల్ల వైరుని మాత్రం బిల్డర్లు గోడల్లో పైపు వేసి మరీ ప్రతి బెడ్‌రూంకి తీసుకెళ్లారు, నెట్ మోసే ల్యాన్ వైరుకి ఆ మర్యాద దక్కలేదు. 2017లో యాక్ట్ అనే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఈ ఊళ్లో 1 జీబీపీఎస్, అంటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ప్లాన్ తెచ్చింది. వీధిలోకి గిగాబిట్ వచ్చి ఇన్నేళ్లయింది, హాలు నుంచి బెడ్‌రూంకి వెళ్లడానికి దానికి ఇంకా దారి దొరకలేదు.

ఇక గోడల సంగతి. పాత ఇళ్లలో లోపలి గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, బయటిది తొమ్మిది అంగుళాలు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది కానీ మొదటి గోడ దాటేసరికే తగ్గుతుంది, రెండో గోడ దాటితే పేరుకి మిగులుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అంతకంటే దూరం వెళ్తుంది. అయితే ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన ఛానెళ్లు (టీవీ ఛానెళ్లు కావు, వైఫై నడిచే దారులు) మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే పై ఫ్లాటు, కింది ఫ్లాటు, ఎదురు బ్లాకు, అన్నీ కలిపి ఇరవై ముప్ఫై పేర్లు కనిపిస్తాయి. అంతమందీ ఆ మూడింట్లోనే ఇరుక్కోవాలి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ స్పీకర్ కూడా అదే బ్యాండ్‌లో ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి అన్నం వేడి చేసుకునే టైముకే సినిమా ఆగిపోతోందని ఒకాయన నాతో అంటే, ఇంట్లోవాళ్లు నవ్వారట. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

కొత్త టవర్లలో ఇంకా కష్టం. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్నవాటిలో చాలావరకు మివాన్ పద్ధతి. అల్యూమినియం అచ్చులు బిగించి గోడలూ శ్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోసేస్తారు. ఇటుకన్నదే కనబడదు. పని త్వరగా అవుతుంది, గోడ నున్నగా వస్తుంది, నాకు ఆ పద్ధతి మీద ఏ కోపమూ లేదు. కాకపోతే ప్రతి గది చుట్టూ కాంక్రీటు, ఆ కాంక్రీటులో ఇనుప కడ్డీల అల్లిక. తెల్లాపూర్‌లో మా బావమరిది ఫ్లాట్‌లో రౌటర్ దగ్గర 290 ఎంబీపీఎస్ వస్తుంటే, మాస్టర్ బెడ్‌రూంలో టీవీ దగ్గర 20 రావడమే గగనం. ఏసీ వేసుకుని తలుపు మూస్తే అదీ తగ్గేది. "బావా, ఇంతకీ ప్లాన్ మార్చమంటావా, కంపెనీ మార్చమంటావా?" అని అడిగాడు. రెండూ వద్దురా, ముందు గోడలు చూడు అన్నాను. మివాన్ గోడని తర్వాత తీరిగ్గా కొట్టి పైపు వేసుకుందామంటే కుదరదు, ఇంటి బరువు మోసేది ఆ గోడే. బిల్డరూ, అసోసియేషనూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది.

స్పీడు లెక్క కూడా ఒకసారి చూద్దాం. నెట్‌ఫ్లిక్స్ 4కె కి అడిగేది 15 ఎంబీపీఎస్. మూడు గదుల్లో ముగ్గురు ఒకేసారి 4కె చూసినా 45. ఫోన్లూ అవీ ఇవీ కలుపుకున్నా 100 ప్లాన్ లోపలే సర్దుకుంటుంది. మరి ఎందుకు ఆగుతోంది? వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. మూలగదిలో సిగ్నల్ సరిగా అందని టీవీ డేటాని నెమ్మదిగా లాగుతూ ఎక్కువసేపు ఆ వరస పట్టుకుని కూర్చుంటుంది. ఆ సేపు హాల్లో రౌటర్ పక్కనే ఉన్న ఫోన్ కూడా ఎదురుచూడాల్సిందే. అందుకే టీవీలని వైరు మీదికి మారిస్తే బాగుపడేది టీవీలొక్కటే కాదు. మా ఇంట్లో వైరు వేశాక ముందు తేడా గమనించింది మా ఆవిడ, అదీ ఫోన్‌లో వీడియో కాల్ మాట్లాడుతూ.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక పాయింటు లాగుతారు. చాలా టీవీల వెనకున్న ల్యాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే, వైఫైలో అంతకంటే ఎక్కువ వస్తుంటే వైరు పెట్టి తగ్గించుకోవడం దేనికని. నిజమే, ఆ పోర్ట్ అంతే. గిగాబిట్ పోర్ట్ పెడితే టీవీ కంపెనీకి ఏం ఖర్చవుతుందో నాకెప్పుడూ అర్థం కాదు. కానీ టీవీకి కావాల్సింది క్షణం కూడా తగ్గకుండా వచ్చే 15, 20. ఒక నిమిషం 200 వచ్చి మరునిమిషం 5కి పడిపోయే స్పీడుతో దానికి పనిలేదు. 100 పోర్ట్ అడ్డమయ్యేది 4కె బ్లూరే కాపీలని హార్డ్ డిస్క్‌లో పెట్టుకుని చూసేవాళ్లకి. వాళ్లు ఈ వ్యాసం చదివి నేర్చుకోవాల్సిందేం లేదు.

మా ఇల్లు నాచారంలో, రెండంతస్తులది. కింద అమ్మానాన్న, పైన మేం. గోడలు పగలగొట్టే పని లేకుండా వైరు వేయడానికి దారి ఇంట్లో అప్పటికే ఉంది. పాత కేబుల్ టీవీ పైపు. ఆ పైపులో ఎన్నేళ్లుగానో వాడకుండా పడున్న నల్ల కోయాక్సియల్ వైరు చివర కొత్త క్యాట్ 6 రకం ల్యాన్ వైరుని కట్టి, టేపు చుట్టి, అవతలి గదిలోంచి నల్ల వైరుని లాగితే దాని వెంట కొత్తది వచ్చేస్తుంది. చెప్పినంత సాఫీగా జరగదు. పైపు మలుపులో ముడి తట్టుకుంటుంది. టాల్కం పౌడర్ చల్లాలి, ఒకరు ఇటు నుంచి తోస్తుంటే ఇంకొకరు అటు నుంచి లాగాలి, ఎక్కువ గుంజితే లోపలి తీగల జతలు సాగిపోతాయి.

మా ఎలక్ట్రీషియన్ మంచి పనిమంతుడు, కానీ అతనికీ నమ్మకం కుదరలేదు. "వైఫై ఉన్నంక గీ వైరెందుకు సార్, బేకార్ ఖర్చు" అన్నాడు. "వేసి చూద్దామన్నా, రాకపోతే నువ్వే తీసేద్దువు" అన్నాను. పక్కనే ఉన్న కరెంటు పైపులో ఖాళీ ఉంది, అందులోంచి లాగేస్తే గంటలో అయిపోతుందని అతని ఆలోచన. అది మాత్రం ఒప్పుకోలేదు. 230 వోల్టుల వైర్లతో కలిపి ఒకే పైపులో ల్యాన్ వైరు వేయకూడదు. ఎక్కడైనా తొడుగు చిట్లితే ఆ కరెంటు నేరుగా టీవీలోకి, రౌటర్లోకి, దాన్ని పట్టుకున్న చేతిలోకి వస్తుంది.

వైరు కొనేటప్పుడు ఒక్క సంగతి చూసుకోవాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్తే క్యాట్ 6 అని అచ్చేసిన వైర్లు రకరకాల ధరల్లో దొరుకుతాయి. చవగ్గా వచ్చేది చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక ముక్క అడిగి, తొడుగు తీసి, బ్లేడుతో సన్నగా గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే వదిలేయండి. అల్యూమినియం వైరు రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది, గోడలోకి వెళ్లాక తెగితే ఎక్కడ తెగిందో పట్టుకోవడం ఎవరి తరం కాదు. అసలు క్యాట్ 5ఈ రాగి వైరైనా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, మన ఇళ్లలో ఏ గదికైనా అది చాలు. నేను క్యాట్ 6 వేసింది ధరలో పెద్ద తేడా లేక.

వైరు చివర ప్లగ్ బిగించడం చూడ్డానికి చిన్న పని. లోపల ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలు. మెలి విప్పి, వరసగా పేర్చాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుంది, తెలియనివాళ్లు అక్కడే తడబడతారు. వరస చెడకుండా బొటనవేలితో అదిమిపట్టి, చివర్లు సమానంగా కత్తిరించి, ప్లగ్‌లోకి తోసి, క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. మా పై బెడ్‌రూం వైరు మొదటిసారి బిగించినప్పుడు నెట్ వచ్చింది, టీవీ ఆడింది, అందరూ అయిపోయిందనుకున్నారు. వైరు పరీక్షకి గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్ తగిలిస్తే, గదుల వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ మీద లైటు మాత్రం మిగతా వైర్లకి వెలిగినట్టు ఆకుపచ్చగా కాకుండా నారింజ రంగులో వెలుగుతోంది. అంటే గిగాబిట్ కాకుండా 100 దగ్గర ఆగింది. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ పలకాలి. ప్లగ్ కోసి చూస్తే గోధుమ తీగ చివరిదాకా వెళ్లనేలేదు. మళ్లీ బిగిస్తే లైటు రంగు మారింది. ఎలక్ట్రీషియన్ ఆ లైటు వైపు చూసి, "గిదేదో మంచిగుంది సార్" అన్నాడు. తర్వాత అతనే ఇంకో రెండు ఇళ్లలో ఈ పని చేశాడు.

మెట్ల దగ్గర చిన్న అరలో రౌటర్, దాని పక్కన ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్. అన్ని గదుల వైర్లూ అక్కడికే వస్తాయి. అయిదు పోర్టుల స్విచ్ వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది, దానికి సెట్టింగులేమీ ఉండవు, తగిలిస్తే పనిచేస్తుంది. మొత్తం పని ఖర్చు, ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైలా వాడుకునే మూడు డబ్బాల మెష్ సెట్టు ఖరీదులో సగానికి లోపే.

మెష్ చెడ్డదని నేననను. మూడు డబ్బాల మధ్య వైరు ఉంటే అంత మంచి వైఫై ఇంకోటి లేదు. వైరు లేకుండా వాడితే ఆ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సింది అవే గోడల్లోంచి, అదే గాల్లోంచి. రెండు బ్యాండ్ల మెష్‌లో ఒక డబ్బా దాటి రెండో డబ్బాకి వెళ్లేసరికి స్పీడు సగానికి సగం పోతుంది. వైఫై సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్ కథ ఇంకా చిత్రం. కొన్నవాళ్లు దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. రాని సిగ్నల్‌ని అది ఎక్కణ్నుంచి తెచ్చి పెంచుతుంది?

కరెంటు వైర్లలోంచే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లున్నాయి. త్రీఫేజ్ మీటరున్న ఇంట్లో హాలు ఒక ఫేజ్ మీద, పడకగది ఇంకో ఫేజ్ మీద ఉంటే అవి సరిగా కలవవు, మధ్యలో ఇన్వర్టర్ వస్తే ఇంకా గందరగోళం. పాత కోయాక్సియల్ వైర్లోనే నెట్ నడిపే మోకా అడాప్టర్లు అమెరికాలో బాగా వాడతారు. మన దగ్గర సులభంగా దొరకవు, పైగా డిష్ సిగ్నల్ ఆ వైర్లో ప్రయాణించే 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యనే వాటి సిగ్నలూ ఉంటుంది. రెండూ ఒకే వైరు మీద పొసగవు.

అసలు గదికో టీవీ దేనికి, అందరూ కలిసి హాల్లో కూర్చుని చూడొచ్చు కదా అని నీతి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లింట్లో ఐపీఎల్, సీరియళ్లు ఒకే టైముకి రావేమో.

వైరు వాదం చేస్తున్నాను కదా అని అన్నీ ఇంటర్నెట్ మీదికి మార్చేయమని చెప్పను. మా ఇంట్లో కింది హాల్లో ఇప్పటికీ డిష్ ఉంది. నాన్నకి నంబరు నొక్కితే ఛానెల్ రావాలి. యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, అప్‌డేట్ అడిగితే తర్వాత అని నొక్కి, అప్పుడు వార్తలు చూడమంటే ఆయన చూడరు, పేపరు తీస్తారు. క్రికెట్ లైవ్‌కి కూడా డిష్షే నయం. ఓటీటీలో ప్రసారం అర నిమిషం దాకా వెనకబడుతుంది. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మ్యాచ్ జరుగుతున్నప్పుడు పైన మా గదిలో బౌలర్ ఇంకా పరిగెత్తుకొస్తుంటాడు, కింద హాల్లోంచి "సిక్స్!" అని కేక వినిపిస్తుంది. వైరు వేసినంత మాత్రాన ఈ ఆలస్యం పోదు, అది పంపేవాళ్ల దగ్గరే పుడుతుంది. అందుకే మ్యాచ్ ఉన్న రోజు అందరం కిందే. మిగతా గదుల్లో డిష్ బాక్సులు తీసేశాం.

ఫైబర్ కంపెనీ ఇచ్చే డబ్బాలో రౌటర్ కూడా కలిసి ఉంటుందని చాలామందికి తెలియదు. దానికి ఇంకో రౌటర్ కొని తగిలిస్తే ఇంట్లో రెండు వేరువేరు నెట్‌వర్కులు తయారవుతాయి. ఫోన్ ఒకదాంట్లో, టీవీ ఇంకోదాంట్లో. ఫోన్‌లోంచి టీవీకి కాస్ట్ చేద్దామంటే టీవీ పేరే కనబడదు, టీవీ పాడైందనుకుంటారు. కొత్త రౌటర్‌ని వైఫై పంచే పని మాత్రమే చేసేలా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి, లేదా కంపెనీ వాళ్లని అడిగి వాళ్ల డబ్బాలోని రౌటర్ పని ఆగేలా దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్పించుకోవాలి. వైఫై పేరూ పాస్‌వర్డూ పైనా కిందా ఒకటే ఉంచితే మెట్లెక్కుతున్నప్పుడు ఫోన్ దానంతటదే మారుతుంది. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే, ఏప్రిల్, మే గాలివానలకి కరెంటు పోయినప్పుడు నెట్ పోదు.

ఇంట్లో నెట్‌వర్క్ ఉండటమూ, ఇంటర్నెట్ ఉండటమూ రెండు వేరే సంగతులని నాకు బాగా తెలిసొచ్చింది 2025 ఆగస్టులో. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంట్ షాక్‌తో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నగరమంతటా విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లు తొలగించడం మొదలైంది, చాలా పేటల్లో నెట్ ఆగిపోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ వైర్ల గుంపులు చూసినవాళ్లెవరూ అవి అలాగే ఉండాలనరు. మా వీధిలోనూ నెట్ పోయింది. కింద హాల్లో డిష్ మామూలుగానే వచ్చింది. పైన గదుల్లో టీవీలకి రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టులో పెట్టిన హార్డ్ డిస్క్ ఉంది, అందులో మా పెళ్లి వీడియో దగ్గర్నుంచి పిల్లల పుట్టినరోజుల దాకా, కొన్న సినిమాలతో సహా అన్నీ ఉన్నాయి. బయటి లోకంతో సంబంధం లేకుండా అవి గది గదికీ వైర్ల మీద హాయిగా నడిచాయి. గోడ అవతలి ఫ్లాట్లలో స్మార్ట్ టీవీలు నీలం తెర చూపిస్తున్నాయి.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు ఇదంతా ఎలా కుదురుతుందని అడుగుతారు. బల్లపరుపుగా ఉండే ల్యాన్ వైర్లు దొరుకుతాయి. స్కర్టింగ్ వెంబడి అంటించుకుంటూ, తలుపు కింద సందులోంచి తీసుకెళ్లొచ్చు. అందంగా ఉండదు, ఇల్లు మారేటప్పుడు చుట్టచుట్టి పట్టుకుపోవచ్చు. సొంత ఫ్లాటు కొని, ఇంటీరియర్స్‌కి లక్షలు పోసేవాళ్ల మీదే నాకు అసలు కోపం. టీవీ యూనిట్ వెనక వెలిగే ఎల్ఈడీ పట్టీకి డిజైనర్ మూడు రకాల రంగులు చూపిస్తుంది, ల్యాన్ పాయింట్ ఎక్కడ అంటే "వైఫై ఉంటుంది కదా సార్" అంటుంది. పీవీసీ ప్యానెల్ బిగించాక ఇక దాన్ని విప్పేవాళ్లుండరు.

మా బావమరిది ఫ్లాట్‌లో మివాన్ గోడలే అయినా పని జరిగింది, బిల్డర్ కాంక్రీటు పోసే ముందే కేబుల్ టీవీకి పైపులు వేసి పెట్టాడు కాబట్టి. మేం చేసిందల్లా ఆ పైపుల్లో వైరు మార్చడమే. బ్రోచర్లలో మాత్రం ఇప్పటికీ అదే పాత వాక్యం అచ్చవుతూ ఉంటుంది, హాల్లోనూ మాస్టర్ బెడ్‌రూంలోనూ టీవీ, టెలిఫోన్ పాయింట్లు అని. ల్యాండ్‌లైన్ పెట్టించుకున్న కొత్త కాపురం ఈ మధ్య ఎక్కడైనా చూశారా? ఆ టెలిఫోన్ పాయింట్‌కి వేసే సన్న వైరు బదులు క్యాట్ 6 వేస్తే బిల్డర్‌కి ఫ్లాటుకి అయ్యే అదనపు ఖర్చు, వాళ్లు గృహప్రవేశం రోజు ఇచ్చే పూల గుత్తికి అయ్యేంత కూడా ఉండదేమో.

మా పిన్ని కూతురు నల్లగండ్లలో ఫ్లాటు బుక్ చేసింది. టవర్ ఏడో శ్లాబు దగ్గరుంది, వాళ్లది పన్నెండో అంతస్తు. ల్యాన్ గురించి సేల్స్ ఆఫీసులో అడిగితే అక్కడా అదే జవాబు, "ఇప్పుడంతా వైఫైయే కదా మేడం." నోటిమాట వద్దమ్మా, మెయిల్ పెట్టు అన్నాను. ప్రతి టీవీ పాయింట్ దగ్గరికీ 25 ఎంఎం పైపు విడిగా ఒకటి, వర్క్ టేబుల్ వచ్చే గోడకి ఒకటి, హాలు సీలింగ్‌కి ఒకటి, అన్నీ ఒకే చోటికి రావాలి, ఆ చోట ప్లగ్ పాయింట్ ఉండాలి, ఫైబర్ కూడా చెప్పుల స్టాండు దగ్గర ఆగకుండా అక్కడిదాకా రావాలి. వైరు వాళ్లు వేయకపోయినా ఫర్వాలేదు, పైపు వేస్తే చాలు. మెయిల్ పంపింది. సైట్ ఇంజనీర్ ఫోన్ చేసి డ్రాయింగ్ అడిగాడట, ఈ ఆదివారం కూర్చుని గీయాలి.